బోర్డు మీద ఒక్క బిళ్ల

గోదావరిఖని,
జూలై 9.

వదినా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని కళ్ళద్దాలు పైకి తోసుకుంటున్నావు కదూ? మా మూడో తరగతికి లేఖ పాఠం వచ్చింది. "ఉత్తరం అంటే ఎట్లుంటది టీచర్?" అని అడిగారు. ఒక్కరి ఇంటికీ ఎప్పుడూ ఉత్తరం రాలేదట. కరెంటు బిల్లు కూడా ఉత్తరమే కదా అని రుత్విక్ అనే గడుగ్గాయి నాతో వాదానికి దిగాడు. "ఇప్పుడే మా వదినకు రాస్తాను, జవాబు వస్తే మీరే చూద్దురుగాని" అని వాళ్ళ ముందే కూర్చుని రాస్తున్నాను. నువ్వు జవాబు రాయకపోతే క్లాసులో నా పరువు పోతుంది. మెసేజ్ పెట్టి తప్పించుకోవద్దు.

ఇక అసలు సంగతి. నేను బదిలీ మీద వచ్చిన ఈ చిన్న బడిలో ఒక ఇనుప బీరువా ఉంది. నిండా కథల పుస్తకాలు. ఒక్కదాన్నీ ఎవరూ తెరిచిన పాపాన పోలేదు. మా హెడ్మాస్టరు రఘుపతి సారు దాని తాళంచెవిని బెల్టుకు కట్టుకుని తిరుగుతారు. మనిషి మంచివాడే. మధ్యాహ్న భోజనంలో పప్పు నీళ్ళగా ఉంటే పిల్లల తరఫున వంటమనిషితో తగువు పెట్టుకుంటారు. పుస్తకాల మాటెత్తితే మాత్రం, "పిల్లలు చింపుతరు మేడం. చింపినంక జవాబు నేను చెప్పాలె" అంటారు. పిల్లలకు చదవడం రావట్లేదని తల పట్టుకునేదీ ఆయనే.

వెంటపడగా వెంటపడగా ఒక షరతు మీద ఒప్పుకున్నారు. దసరా సెలవులిచ్చే రోజు దాకా బీరువా తెరిచి ఉంచుకోవచ్చు. ఆ రోజు లెక్క చూస్తారు. ఒక్క పుస్తకం తక్కువైనా తాళం పడుతుంది, ఇక నేను మళ్ళీ నోరెత్తకూడదు. "సరే సార్" అనేశాను. అన్నాక భయం వేసింది. మా పిల్లలు పొద్దున తెచ్చుకున్న పెన్సిల్‌ను సాయంత్రం దాకా కాపాడుకోలేరు.

మీ రామకృష్ణాపూర్ బడిలో పిల్లలు పుస్తకాల కోసం కొట్టుకుంటారని, మా అన్నతో నీ పెళ్ళయిన నాటి నుంచి వింటున్నాను. ఆ కిటుకేమిటో ఇప్పుడు చెప్పు.

నీ మరదలు,
మమత.


రామకృష్ణాపూర్,
జూలై 18.

చిరంజీవి మరదలికి,

మా పోస్టుమాన్ పోశం నీ ఉత్తరాన్ని రెండు వైపులా తిప్పి చూసి, "బ్యాంకోల్లది కాదు మేడం, నిజంగ మనిషి రాసిందే" అని ఇచ్చిపోయాడు. కోడి గీకినట్టున్న నీ అక్షరాలు చదివేసరికి నా తలనొప్పి తిరగబెట్టింది. పిల్లలకు ఏమైనా నేర్పు గానీ, ఆ చేతిరాత నేర్పకు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. వెళ్ళిన నెలకే పందెం కాశావా? సరే, కాశాక నెగ్గాలి.

మా బడి సంగతి ఏం చెప్పమంటావు! అన్నం గంట కొట్టినా పుస్తకం వదలరు మా పిల్లలు. అదంతా తర్వాత. ముందు నీ గోడు చూద్దాం.

పుస్తకం ఎవరు తీసుకున్నారో రిజిస్టరులో రాయకు. రిజిస్టరు చూడగానే పిల్లలకు పరీక్షలు గుర్తొస్తాయి. బొగ్గుబాయి దగ్గర దీపాల గదిలో ఎలా చేస్తారో అలా చెయ్యి. నువ్వూ మీ అన్నా బసంత్‌నగర్‌లో సిమెంటు దుమ్ము పీల్చి పెరిగినవాళ్ళు, మీకేం తెలుసు! నేను పుట్టింది గోదావరిఖనిలో. బాయి దిగే ప్రతి మనిషికీ పేరుకు ఒక బిళ్ల ఉండేది. బిళ్ల ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకుని దిగేవాడు. ఆ బిళ్ల బోర్డు మీద మేకుకు వేలాడేది. పైకొచ్చి దీపం అప్పగిస్తే బిళ్ల తిరిగి ఇచ్చేవారు. మేకుకు బిళ్ల ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. నువ్వూ ఒక చెక్క మీద మేకులు కొట్టించు. బిళ్ల తగిలించినవాళ్ళకు పుస్తకం, పుస్తకం తెచ్చినవాళ్ళకు బిళ్ల. ఆ బాయి కాలనీ పిల్లలకు ఇంతకంటే విడమరిచి చెప్పనక్కర్లేదు.

రోజూ ఒక కథ చదివి వినిపించు. మంచి పట్టు మీద ఉండగా బడి గంట కొడితే టప్పున మూసెయ్. "తర్వాతేమైంది?" అని ఏడిస్తే, "షిఫ్టు అయిపోయింది" అను. కాళ్ళు పట్టుకున్నా కరగకు. పుస్తకాన్ని మాత్రం చేతికందేచోట పెట్టి ఇంటికి పో.

ఇక మీ తాళంకప్ప సారు గురించి ఫికర్ చెయ్యకు. ఆయన పని నేను చూస్తాను. (ఈ చివరి ముక్క పిల్లల ముందు చదవకు.)

ఇట్లు,
అనసూర్య వదిన.


గోదావరిఖని,
ఆగస్టు 20.

వదినా,

నీ నోట్లో చక్కెర పొయ్య! పారింది నీ ఎత్తు.

సోడా సీసాల మూతలను రాళ్ళతో చదును చేసి బిళ్లలు తయారు చేశారు. పేర్లు రాయడానికి నా ఎర్ర గోళ్ళరంగు సీసా మొత్తం ఖతం. ఇప్పుడు మా బడిలో ఎవరూ "చదువుకుంటున్నా" అనరు. "దిగిన" అంటారు. మొన్న రుత్విక్‌ను పెళ్ళికి తీసుకుపోదామని వాళ్ళమ్మ మధ్యలో వచ్చింది. వాడు పుస్తకంలోంచి తలెత్తకుండా, "బోర్డు మీద నా బిళ్ల కనిపిస్తలేదా అమ్మా? నేను కిందున్న, ఇప్పుడు పిలవద్దు" అన్నాడు. పాపం, ఆవిడ నిజంగానే బోర్డు చూసి అరుగు మీద కూర్చుంది.

నీ రెండో మాట ప్రకారం ఒక మేకపిల్ల కథ మొదలుపెట్టాను. మేకపిల్ల ఏరు దాటాలని ఒక బండ మీదికి దూకుతుంది. అది బండ కాదు, మొసలి వీపు. మొసలి కదులుతుంది. మేకపిల్లకు భయం వేసినా బయటికి చూపకుండా ఆగకుండా ముచ్చట్లు చెబుతూ ఉంటుంది. ఏటి నడుమకు పోయాక మొసలి మెల్లగా నోరు తెరిచింది... గంట! మూసేశాను. "షిఫ్టు అయిపోయింది" అన్నాను. క్లాసంతా ఒకటే గోల. వాళ్ళతో సమానంగా ఉండాలని నేనూ ముందు చదివి పెట్టుకోలేదు, నాకూ ఆగలేదు. కిటికీ బయట నల్లా దగ్గర రఘుపతి సారు చాలాసేపటి నుంచి చేతులు కడుక్కుంటున్నారు. గంట కొట్టగానే నల్లా కట్టేసి వెళ్ళిపోయారు. చేతులకు అంత మురికి ఏం అంటిందో.

మర్నాడు అందరికంటే ముందు వచ్చి ఆ పుస్తకం తీసుకున్నది ఎవరనుకున్నావు? సహస్ర. గుణింతాల దగ్గరే ఆగిపోయే పిల్ల. చదవమంటే గోడ చూస్తుంది. ఇప్పటికి ఎన్ని రోజులైందో, పుస్తకం తిరిగి తేలేదు. మా దగ్గర ఉన్నది ఆ ఒక్క ప్రతే. మొసలి ఏం చేసిందో తెలియక క్లాసంతా ఆ పిల్ల మీద కారాలు మిరియాలు నూరుతోంది. వాళ్ళ నానమ్మ సారవ్వ రోజూ వచ్చి గేటు దగ్గర కూర్చుని మనుమరాలిని తీసుకుపోతుంది. అడిగితే, "తెస్తది తియ్యి" అంటుంది.

వచ్చే శనివారం నలుగురు పిల్లలను వెంటబెట్టుకుని మీ బడికి వద్దామనుకుంటున్నాను. మీ పిల్లలు చదువుతుంటే మావాళ్ళు చూడాలి.

మమత.


రామకృష్ణాపూర్,
ఆగస్టు 28.

మరదలా,

శనివారం వద్దు. ఒకటే వానలు. దానికి తోడు మా బడికి సున్నం వేస్తున్నారు. పిల్లల బట్టలు పాడవుతాయి. తర్వాత చూద్దాం.

సహస్రను "చదివావా" అని అడగకు. అడిగితే ఆ పిల్ల పుస్తకాన్ని వదిలేసి నీ మొహం చూడటం మొదలుపెడుతుంది. పుస్తకం తెమ్మని కూడా అడగకు. ఎన్నాళ్ళకు పైకి వస్తే అన్నాళ్ళకు రానీ.

సారవ్వ ఇంకా గట్టిగానే ఉందన్నమాట! మా క్వార్టరు వెనక లైనులోనే ఉండేవాళ్ళు. ఆవిడతో పెట్టుకుని గెలిచినవాళ్ళను నేను చూడలేదు. మీ సారును కూడా నేనెరుగుదును, నిక్కరు వేసుకుని తిరిగినప్పటి నుంచి. ఎలాగంటావా? ఇప్పుడే చెప్పను. చెబితే నీ కడుపులో నిలవదు.

అనసూర్య.


గోదావరిఖని,
సెప్టెంబరు 14.

శ్రీమతి అనసూర్య మేడం గారికి,

ఈ "గారు" ఎందుకో చివర్లో తెలుస్తుంది. ముందు నువ్వు నాకు తెచ్చిన తంటా విను.

సోమవారం ప్రార్థన దగ్గర రఘుపతి సారు నడిచి వస్తుంటే వెనక వరసలోంచి "తాళంకప్ప సారు వస్తుండు" అని వినిపించింది. ఆ పేరు ఈ లోకంలో నీ ఉత్తరంలో తప్ప ఎక్కడా లేదు! ఆ ఉత్తరాన్ని నేను ఏనాడో బల్ల మీద డస్టర్ కింద పెట్టి మరిచాను. సారు ఎర్రబడి, "ఎవలు పెట్టిన్రు ఈ పేరు?" అని అడిగారు. అన్ని వేళ్ళూ సహస్ర వైపు తిరిగాయి.

నేను పక్కకు తీసుకుపోయి, "నీకు ఎవరు చెప్పారే?" అని అడిగాను.

"ఎవ్వలు చెప్పలే టీచర్. మీ వదినె కాయితంల ఉన్నది. నేనే చదివిన."

"నువ్వా?"

"పిల్లల ముందు చదవకు అని గూడ ఉన్నది. అందుకే ఒక్కదాన్నే ఉన్నప్పుడు చదివిన."

వదినా, కోప్పడదామని నోరు తెరిచి ఆ పిల్లను కావలించుకుని ఏడ్చాను. ఏడుపు అబద్ధం కాదు. నా ఉద్యోగంలో ఇంత సంతోషం ఎన్నడూ కలగలేదు. ఎలా వచ్చిందే చదువు అంటే ఏం చెప్పిందో తెలుసా? రోజూ మేకపిల్ల కథ సారవ్వకు చదివి పెడుతోందట. మొదట్లో బొమ్మలు చూసీ, నేను చదివింది గుర్తు చేసుకునీ నెట్టుకొచ్చిందట. "మొసలి నోరు తెరిచే కాడికి అవ్వ నిద్రపోతది. తెల్లారి నాకేం యాది లేదు, మళ్ల మొదటి నుంచి చదువు అంటది." మళ్ళీ మొదటి నుంచి, మళ్ళీ మొదటి నుంచి. అలా ఆ పేజీల్లోని మాటలన్నీ ఆ పిల్లకు చిక్కిపోయాయి. అవ్వ లేకుండా ముందుకు పోకూడదని చివరి పేజీలు ఇంకా తిప్పనే లేదట.

సారు మాత్రం బాగా నొచ్చుకున్నారు. "నేను తాళంకప్పనా మేడం? నేనేం నా ఇంటికి మోసుకపోతున్ననా ఆ పుస్తకాలు?" అన్నారు. సెలవుల ముందు రోజు లెక్కలో పిసరంత కూడా సడలించేది లేదన్నారు. ఆ పుస్తకం బీరువాలో లేకపోతే అన్నీ పోయినట్టే. నాకు భయంగా ఉంది.

ఇక "గారు" సంగతి. నిన్న అన్న వచ్చాడు. మీ బడి పుస్తకాల గురించి అడిగితే పకపకా నవ్వి, "మీ వదినె బీరువనా? దాని తాళంచెవి ఏడ పెట్టిందో ఆమెకే యాది లేదు" అన్నాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత! సున్నం వేస్తున్నారా? ఏ గోడకు?

మమత.


రామకృష్ణాపూర్,
సెప్టెంబరు 20.

మరదలా,

మీ అన్నకు దసరా దాకా పచ్చిపులుసే. కూర లేదు.

అవును, మా బీరువాకు తాళం ఉంది. అయితే ఏమిటి? మందు రాసిచ్చే డాక్టరుకు దగ్గు రాకూడదని ఉందా? నా మందు నీకు పనిచేసిందా లేదా, అది చెప్పు. మిగతా తగువు దసరాకు తేల్చుకుందాం.

ఇప్పుడు బుద్ధిగా విను. లెక్క రోజున పుస్తకం తెమ్మని సహస్రను తరమకు. ఆ పిల్ల బిళ్లను మేకు మీద నుంచి నువ్వు తీయకు, ఎవరినీ తీయనివ్వకు. సారవ్వ గేటు దగ్గర ఉండేటట్టు చూసుకో. అంతే, ఇంకేం చేసినా చెడగొడతావు.

అనసూర్య.


గోదావరిఖని,
దసరా సెలవుల మొదటి రోజు.

వదినా, మా వదినా,

తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. నిన్నటి సంగతి పూసగుచ్చినట్టు చెబుతాను, ఉత్తరం మధ్యలో టీ పెట్టుకోవడానికి లేవకు.

సహస్ర నిన్న బడికే రాలేదు. నీ మాట మీద నేను కబురు పెట్టలేదు. మధ్యాహ్నం సారు పుస్తకాలన్నీ దింపించి లెక్కపెట్టారు. ఒక్కటి తక్కువ. చినుగులు లేవు, మరకలు లేవు, ఆ ఒక్కటే తక్కువ.

"సహస్ర దగ్గర ఉంది సార్. చదువుతోంది" అన్నాను.

"ఆమె దగ్గర కాదు మేడం, బీరువల ఉండాలె. మాట మాటే" అని తలుపులు మూసి తాళం తగిలించారు. ఇంకా నొక్కలేదు. పిల్లలు గోడకు అంటుకుని నిలబడ్డారు. రుత్విక్ ముక్కు ఎగబీలుస్తున్నాడు.

అప్పుడు సారవ్వ కర్ర తాటించుకుంటూ గేటు దగ్గర నుంచి వచ్చింది. మనుమరాలు రాకపోయినా అలవాటు కొద్దీ వచ్చి కూర్చుంది ఆవిడ. నేరుగా బోర్డు దగ్గరికి పోయి, వేలాడుతున్న ఒకే ఒక్క బిళ్లను కర్రతో చూపించింది.

"ఏంది బిడ్డా గిది?"

"బిళ్ల" అన్నారు సారు.

"బిళ్ల ఉండంగ తాళమేస్తవా? మనిషి కిందుండంగ బాయి మూస్తరా?"

"అవ్వా, ఇది బాయి కాదు, బడి."

"నువ్వు దీపాల గది లింగమూర్తి కొడుకువేనా? ఒకనాడు నా పెనిమిటి బిళ్ల పొద్దుగూకినంక గూడ మేకుకే ఉండె. నేను బాయి మీద కూసున్న. అందరు ఇంటికి పోయిన్రు. మీ నాయిన పోలే. ఆయన షిఫ్టు ఎప్పుడో అయిపోయింది, అయినా పోలే. 'వదినె, ఈ బిళ్ల ఆయన చేతికిచ్చినంకనే నేను కదుల్త' అన్నడు. ఇచ్చినంకనే కదిలిండు. గసొంటోని కడుపున పుట్టి, పసిపోరి బిళ్ల మేకుకుండంగ నువ్వు తాళమేస్తవా రఘుపతీ?"

సారు చెయ్యి తాళం మీదే ఆగిపోయింది. వదినా, నీకు అబద్ధం చెప్పను, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాయిన కోసం మేం అన్నం ముంగట పెట్టుకుని కూసుండేది అవ్వా" అన్నారు మెల్లగా. తాళం తీసి బల్ల మీద పెట్టారు. స్టూలు లాక్కుని బోర్డు ఎదురుగా కూర్చున్నారు. "వచ్చేదాక చూద్దాం" అన్నారు.

బడి వదిలిపెట్టే గంట కొట్టినా ఒక్కరూ కదల్లేదు. అప్పుడు వచ్చింది సహస్ర, పుస్తకం గుండెలకు హత్తుకుని.

"ఇంక అయిపోలే టీచర్. లెక్క ఉన్నదంటే ఇయ్యాల అవ్వను నిద్ర పోనియ్యకుంట చదివి పెడదామని ఇంటికాన్నే ఉన్న. అవ్వ ఎంతకు వస్తలేదు."

"ఈడనే చదువు" అన్నారు సారు.

చదివింది. వేలు ఒక్కో మాట కింద పెట్టుకుంటూ, తడబడుతూ, తడబడినచోట మళ్ళీ మొదలుపెడుతూ. మొసలి నోరు తెరిచిన చోటికి వచ్చి ఆగి సారవ్వ వైపు చూసింది. సారవ్వ కళ్ళు పత్తికాయల్లా విచ్చుకుని ఉన్నాయి. "సదువే, ఆగుతవేంది!" అంది. పేజీ తిప్పింది పిల్ల. మొసలి నోరు తెరిచింది మింగడానికి కాదు వదినా. ఆవలించడానికి! మేకపిల్ల ముచ్చట్లకు దానికి నిద్ర ముంచుకొచ్చింది. అది అవతలి ఒడ్డున ఒరిగి గుర్రు పెట్టింది, మేకపిల్ల దిగి చెంగుచెంగున పోయింది. సారవ్వతో సహా అందరం పడీ పడీ నవ్వాం.

సారు తన చేత్తో బిళ్ల తీసి సహస్ర అరచేతిలో పెట్టారు. లెక్క సరిపోయింది. కానీ బోర్డు ఖాళీ అయింది కదా! ఖాళీ అయితే సెలవులకు తాళం వేయవచ్చు. ఆ సంగతి నాకంటే ముందు రుత్విక్‌కు తట్టింది. ఉరికి తన బిళ్ల తగిలించి, చేతికి దొరికిన పుస్తకం లాక్కుని, "నేను దిగిన సార్!" అన్నాడు. వాడి వెనక ఇంకొకడు. దసరా అయ్యేదాకా ఎవరో ఒకరి బిళ్ల మేకుకు ఉండేలా వాళ్ళు ముందే వంతులు వేసుకున్నారట.

సారు వాళ్ళను చూసి, నన్ను చూసి, "నా బిళ్ల లేదా?" అని అడిగారు.

ఉంది! సహస్ర సంచిలోంచి తీసింది. ఎప్పుడు చేసిపెట్టారో. ఒకవైపు "రఘుపతి సారు" అని రాసి ఉంది, రెండో వైపు తాళంకప్ప బొమ్మ. నేను తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిటికీ వైపు తిరిగాను. సారు రెండు వైపులా తిప్పి చూశారు. తాళంకప్ప బయటికి కనిపించేలా మేకుకు తగిలించారు. మేకపిల్ల పుస్తకం చంకలో పెట్టుకుని, "నల్లా చప్పుడుకు మొదలు సరిగ వినపడలే" అని చెప్పి, తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

మమత.


రామకృష్ణాపూర్,
అక్టోబరు.

మరదలా,

టీ పెట్టుకోవడానికి లేవలేదు. పాలు పొంగిపోయాయి, నీ ఖాతాలో రాసుకున్నాను.

లింగమూర్తి కాకది మా పక్క క్వార్టరే. ఆయన కోసం అన్నం ముందు పెట్టుకుని కూర్చున్న పిల్లవాడిని నేను రోజూ మా గుమ్మంలోంచి చూసేదాన్ని. ఆ ఇంట్లో పెరిగినవాడు బిళ్ల వేలాడుతుండగా తాళం నొక్కలేడు. మరి ఆ బోర్డు సలహా నీకు ఊరికే ఇచ్చాననుకున్నావా? సారవ్వను గేటు దగ్గర ఉంచమన్నదీ ఊరికే కాదు, కానీ ఆవిడ తన భర్త బిళ్ల సంగతే ఎత్తుతుందని మాత్రం నేను కలగనలేదు. అది నీ అదృష్టం.

ఇక నా తగువు. నిన్న మీ అన్న సుత్తె పట్టుకుని మా బడికి వచ్చాడు, పచ్చిపులుసు భరించలేక. సెలవులైనా పక్క లైన్ల పిల్లలు చప్పుడుకు పోగయ్యారు. రెండు దెబ్బలకు తాళం ఊడింది. లోపల సాలీళ్ళు తప్ప ఇన్నేళ్ళుగా ఏ ప్రాణీ ఆ పుస్తకాలు ముట్టలేదు. సిగ్గుతో చచ్చాననుకో. పిల్లలు ఒక్కరూ ముందుకు రాలేదు. ఇరవై ఏళ్ళుగా ముట్టవద్దని అరిచింది నేనే కదా, ఎలా వస్తారు? మీ అన్న చేతనే ఒక చెక్కకు మేకులు కొట్టించి, నా పేరు రాసిన బిళ్ల మొదట తగిలించి, వాళ్ళ మధ్యే చాప మీద కూర్చుని ఒక పుస్తకం తెరిచాను. కాసేపటికి నా భుజం మీద నుంచి ఎవరిదో ఊపిరి తగిలింది. తల తిప్పి చూడలేదు.

సెలవులయ్యాక శనివారం పిల్లలను తీసుకుని రా. వాన లేదు, సున్నం ఆరింది. ఇప్పుడు మాత్రం ఫోన్ చెయ్యకు. నా బిళ్ల ఇంకా మేకుకే ఉంది. నేను కిందున్న.

అనసూర్య.